గుండయ్య కుడిచెయ్యి

సైదాబాద్, హైదరాబాద్
దసరా పోయినంక, 1938

మాణిక్యమ్మ వదినెకు నీ మరదలు నీలమ్మ శనార్తులు.

జాబు చూసి ఆగం కాకు, కూసొని చదువు. నీ తమ్మునికి లక్వా వచ్చింది. పాణానికి భయం లేదన్నరు. పొద్దుగాల కొట్టంల బర్రెల కాడ నిలవడ్డోడు నిలవడ్డట్టే కూలిండు. మూతి వంకరపోయింది. కుడిచెయ్యి, కుడికాలు సచ్చువడ్డయి. ఆయన గంత పెద్ద పెయ్యిని ఎత్తనీకి గల్లీల మొగోళ్ళందరు రావలసొచ్చింది.

సర్కారు దవాఖానల ఉంచుకొని చూసిండ్రు. ఇంటికి తీస్కపోండ్రి, మంచిగ తినిపియ్యిండ్రి, చెయ్యి కాలు ఆడియ్యిండ్రి, మెల్లమెల్లగ వస్తే రావచ్చు అన్నరు. వస్తే రావచ్చు అన్న మాట మనోళ్ళకు నచ్చలే. ఒకరు హకీం అన్నరు, ఒకరు వాతలన్నరు. హకీం లేహ్యం ఇచ్చిండు, నాకిపిస్తున్న. వాతలు పెట్టేటాయన వచ్చి సువ్వ ఎర్రగ కాల్చి మెడ మీద, భుజం మీద, మోకాలు మీద పెట్టిండు. కాలిన వాసనకు బర్రెలు బెదిరి తాళ్ళు తెంపుకున్నయ్. అందరు అదిమి పట్టుకుంటే ఆయన ఎడమదిక్కు పెయ్యి ఒక్కటే తన్లాడింది. కుడిదిక్కుకు కాలింది గూడ తెల్వలే.

ఇప్పుడు పత్తర్‌గట్టి నుంచి చాంద్ పహిల్వాన్ వస్తుండు. ఎముకలు కట్టుడు, నరాలు తోముడు వాళ్ళకు తాతల కాడికెల్లి వచ్చిన పని. మంచి మనిషి, నన్ను బేటీ అంటడు. అఫ్జల్‌గంజ్‌ల నూనెలు తెచ్చి ఇంట్లనే కాస్తున్న. పావురం నెత్తురు గరం, అది గూడ పూయమన్నడు.

మాట ఒక్కటే వస్తది. అది తిట్టు, జాబుల రాయరాదు. అది నోట్లకెల్లి వచ్చిన దినం మాట వాపసొచ్చిందని గల్లీ అంత సంతోషపడ్డది. బిడ్డ పుష్ప మంచిగున్నది. పాలు నేనే పిండుతున్న, నేనే పోసొస్తున్న. ఫికర్ చెయ్యకు. నీకేమన్న మందు తెలిస్తే రాయి.

నీలమ్మ


సోలాపూర్
దీపావళి ముంగట

నీలా,

నీ జాబు మిల్లు గేటు కాడ చదివి అక్కడనే కూలవడ్డ. నా తమ్మునికి లక్వానా? ఎవని కండ్లు మండినయో, వాని కండ్లల్ల కారం కొట్ట! వాడు నడిస్తే నేల అదిరేది. అవ్వ సచ్చిననాటికి పాలు మరవని పోరడు, నా సంకల పెరిగిండు. నా కడుపుల పిల్లలు లేరు, మొగడు పొయ్యిండు, ఉన్నొక్కడు వాడే. రజా అడిగితే, సెలవు లేదు, పనే ఇడిసిపెట్టి పో అన్నడు మిల్లు ముకద్దం. లేకుంటే ఈ జాబుకు బదులు నేనే వస్తుంటి.

నువ్వేం చేసినవ్ చెప్పు. సల్లన్నం పెట్టినవా? పొద్దుపొద్దుగాలనే వానితోని లొల్లి పెట్టుకున్నవా? నీ నోరు నాకు తెల్వదా ఏంది.

అది ఉత్త చెయ్యి గాదు పిల్లా. తాలీంల కుస్తీకి దిగితే దానికి ఎదురు నిలిచినోడు లేడు. దున్నపోతు మీదికొస్తే కొమ్ము పట్టి ఆపిన చెయ్యి. మా నాయిన చెయ్యి గూడ గసుంటిదే. ఆ చెయ్యి వాపసు రావాలె. కాలు రాకున్నా మంచిదే, కూసొని బతుకుతడు. చెయ్యి లేని మొగోడు మా ఇంట్ల ఎవ్వడు లేడు.

పావురం నెత్తురు పూసుడే గాదు, దాన్ని ఉడకవెట్టి సారు గూడ తాపియ్యి. అడివి పావురమే కావాలె. నువ్వే పట్టి, నువ్వే కొయ్యాలె. పెండ్లాం చేత్తోని కోస్తెనే ఫలమని ఈడ ముసలోళ్ళు చెప్తున్నరు. అసయ్యం అని ముక్కు మూసుకోకు. చెయ్యి రాలేదంటే నేను అడిగేది నిన్నే.

మాణిక్యమ్మ


సైదాబాద్
కార్తీకం

వదినెకు శనార్తులు.

నువ్వు చెప్పినట్టే చేస్తున్న. పావురాలు పట్టనీకి కొట్టం సూరు కింద వల కట్టిన. మెడ తిప్పుతే రెక్కలు కొట్టుకుంటయ్, పాణం పోయినంక గూడ కొట్టుకుంటనే ఉంటయ్. ఎచ్చటి నెత్తురు భుజం కాడికెల్లి వేళ్ళ దాంక పూస్తున్న. ఎండి పొక్కులు కట్టినంక నూనెతోని కడుగుతున్న. నా గోర్లల్ల ఎప్పుడు చూసిన నలుపే. పాలు పోయించుకునే వాళ్ళు నా చేతులు చూసి ఏంది నీలమ్మా ఇది అంటున్నరు. మందు అంటున్న.

చాంద్ పహిల్వాన్ ఒక మాట అడిగిండు. ఈ చెయ్యికి బాగ అలవాటైన పని ఏంది అని. దర్జీ అయితే సూది, మంగలి అయితే కత్తి ఇయ్యాలంట. చెయ్యి మర్చిపోయిన పనిని నరం మర్చిపోదంట. పాలు పిండుడు అని అందరు చెప్పిండ్రు. నేను గూడ అదే చెప్పిన. మంచాన్నే కొట్టంలకు మోసి, సాధు బర్రె పొదుగు కింద చెయ్యి పెట్టించినం. చెయ్యి కదలలే. బర్రె పేడ ఏసి పోయింది.

నిన్న ఒకటైంది. పుష్ప పాలసర్వ ఎత్తబోయి ఒలకబోసింది. మంచం చుట్టు పాలే. నీ తమ్ముడు చూసిండు. మొకం ఎర్రగైంది, మెడ నరం లేచింది, ఆ తిట్టు వచ్చింది. దానెంబడే కుడిచెయ్యి మంచం మీదికెల్లి లేచింది. మోచెయ్యి దాంక లేచి, దబ్బున కింద వడ్డది.

పహిల్వాన్ అక్కడనే ఉండె. మాషల్లా, రగతం ఉరికింది అని లేచి నిలవడ్డడు. పక్కింటి లలితమ్మ చక్కెర తెచ్చి అందరి నోట్ల ఏసింది. నాకు కాళ్ళల్ల వణుకు పుట్టి గోడకు ఒరిగిన. సంతోషానికి వణుకుతుంది పాపం అన్నరు అందరు.

నీలమ్మ


సోలాపూర్
కార్తీక పున్నమ దాటినంక

నీలా, నీ నోట్ల చక్కెర పొయ్య!

నీ జాబు పట్టుకొని మిల్లుల మా ఖాతా అంత తిరిగిన. మొగ్గం ఆపి మరీ ఇన్నరు అందరు. నాకు సమజైంది. పొదుగు గాదే పిచ్చిదానా, వాని చెయ్యికి మందు గుస్సా! గుస్సాల నెత్తురు ఉరుకుతది, ఉరికిన నెత్తురు సచ్చిన నరంలకు పోతది. పహిల్వాన్ కండ్ల ముంగటనే అయింది గద, ఇంకేం రుజువు కావాలె. నువ్వు వాన్ని ఊకోబెట్టి, జోకొట్టి, సారు తాపిచ్చి పండవెడితే చెయ్యి ఎట్లొస్తది?

ఇగ నేను చెప్పినట్టు చెయ్యి. దినాం పొద్దుగాల తోముడు అయినంక వాని కుడిదిక్కు, చెయ్యికి అందేటట్టు కూసో. దూరం కూసోకు. గుస్సా తెప్పియ్యి. ఏం అంటే వానికి మండుతదో నీకు తెల్వదా? మా నాయినను తిట్టు, నేను ఏమనుకోను. బర్రె పాలల్ల నీళ్ళు పోసి అమ్మినవ్ అను. తాలీంల ఫలానోడు నిన్ను మస్తు సార్లు పడేసిండు అను. నీకు ఇగ చెయ్యి రాదు, ఆడదాని లెక్క కూసోని తిను అను. అది అంటే వాడు సచ్చిన శవమైనా లేస్తడు.

ఒక దెబ్బ తాకుతే తాకింది. మొగని చెయ్యే గద, పరాయోనిది గాదు. అది చెయ్యి దెబ్బ అనుకోకు, మందు అనుకో. చెయ్యి మంచిగైనంక వాడే నిన్ను నెత్తిన పెట్టుకుంటడు.

మాణిక్యమ్మ


సైదాబాద్
పుష్యం

వదినెకు శనార్తులు.

నీ మందు పనిచేసింది.

ముందు కొన్ని దినాలు లేచిన చెయ్యి గాలిల తిరిగి పడిపోయింది. దగ్గర జరుగు దగ్గర జరుగు అని లలితమ్మ వెనకకెల్లి నన్ను నూకింది. నీకు చెయ్యి రాదు, గాజులు తెచ్చి ఏస్త అన్న. గప్పుడు తాకింది. సప్పుడు వాకిలి దాంక ఇనవడ్డదంట. గల్లీ గల్లీ ఉరికొచ్చింది. కొట్టిండు, కొట్టిండు, గుండయ్య కొట్టిండు అని ఒకటే లొల్లి. ఎవరో మిఠాయి దుకాణంలకెల్లి పేడాలు తెచ్చిండ్రు. నా చెంప మీది వేళ్ళ గుర్తులు ఒకరెనుక ఒకరొచ్చి చూసిండ్రు. బొటనవేలు పడలే గని నాలుగు మంచిగ పడ్డయ్ అని ఒక ముసలామె మెచ్చుకున్నది. నా నోట్లకు గూడ పేడా పెట్టిండ్రు. పెదవి పగిలి ఉండె, ఉప్పుప్పగ నమిలిన. అందరు నవ్వుతుంటే నేను గూడ నవ్విన వదినె. ఏం చెయ్యాల్నో తెల్వలే.

అప్పటికెల్లి దినాం మందు పడుతనే ఉన్నది. ముందు చెంప, తర్వాత పిడికిలి. పిడికిలి బిగిసిందని చుట్టాలు చూడనీకి వచ్చిండ్రు. వాళ్ళ ముంగట గూడ కూసోవెట్టిండ్రు నన్ను. ముందరి పన్ను ఒకటి పోయింది. నీ తమ్మునికి నవ్వు వచ్చింది ఆ దినం. లక్వా వచ్చినంక మొదలు నవ్వుడు అదే.

చాంద్ పహిల్వాన్ నడుమ ఊరికి పోయి వచ్చిండు. నా మొకం చూసి తోముడు ఆపిండు. బేటీ, నేను ఆయన నెత్తురు ఉరకాలన్న, నీ నెత్తురు కారాలన్ననా అన్నడు. గల్లోళ్ళు ఆయన మాట ఇనలే. నీ నూనెతోని కానిది ఈమె చెంపతోని అయింది, ఊకో భాయ్ అన్నరు.

పుష్ప నా కొంగు ఇడుస్తలేదు.

నీలమ్మ


సోలాపూర్
మాఘం

నీలమ్మకు,

పన్ను పోతే పోయింది, నోరు మూసుకుంటే ఎవ్వరికి కనవడది. గది రాసుడెందుకు? నేను గిది చదివి నా తమ్మున్ని తిట్టుకోవాల్నా?

ఇంకో మాట తెలిసింది నాకు. మన దిక్కు శివయ్య ఈడికి పత్తి బండ్లతోని వచ్చిండు. సైదాబాద్‌ల అందరు ముచ్చట పెట్టుకుంటున్నరంట. మంచాన్ని గోడకు జరిపినవంట. గోడకు కుడిదిక్కు తగిలేటట్టు పెట్టి, నువ్వు ఎడమదిక్కు గడప అవతల కూసుంటున్నవంట. అన్నం పళ్ళెం గూడ కట్టెతోని నూకుతున్నవంట కుక్కకు పెట్టినట్టు. చెయ్యి మళ్ళ ఎండుతుందంట. పిడికిలి పట్టు తప్పిందంట.

ఆడదానివేనా నువ్వు? ఒక్క అడుగు ముంగటికి జరుగుతే మొగడు మనిషైతడు. ఆ అడుగు జరగనీకి నీకు కాళ్ళు రాకపాయె. మంచం జరపనీకి వచ్చినయ్! చేతిలకొచ్చిన చెయ్యిని పాడు చేస్తున్నవ్. ఏదో దాస్తున్నవ్ నువ్వు. నిజం రాయి, లేకుంటే నాకు జాబే రాయకు.

మాణిక్యమ్మ


సైదాబాద్
మాఘం ఎల్లేటప్పుడు

వదినె,

జరిపిన. మంచం నేనే జరిపిన. నిజం కావాలన్నవ్ గద, చదువు.

నీ తమ్ముడు కొట్టంల కూలిన దినం బర్రెను పిండుతలేడు. నన్ను కొడుతుండె. నడుమున్న తాడు ఇప్పి ఒక విడత కొట్టి, తాడు పారేసి చెయ్యి లేపిండు. నేను తల్కాయ మీద చేతులు పెట్టుకొని కుడితితొట్టి పక్కపొంటి కూసున్న. దెబ్బ పడుతలేదు. ఎందుకు పడుతలేదని కండ్లు తెరిచిన. లేపిన చెయ్యి లేపినట్టే ఉంది, నా దిక్కు వింతగ చూస్తుండు. గట్లనే కూలిండు. గల్లీని పిలవనీకి ముందు నేను ఏం చేసిన్నో తెల్సా? గట్టిగ ఊపిరి పీల్చుకున్న. దేవుడు నన్ను చూసిండనుకున్న.

నా ఎడమ చెవు ఇనవడది. నీకెప్పుడన్న చెప్పిన్నా? పోయిన ఎండకాలం కడుపుల ఉన్నది పోయింది, బర్రె తన్నిందని రాసిన నీకు. ఏ బర్రె తన్నలే. పెండ్లైన కాడికెల్లి నేను జాబుల్ల రాసిన బర్రెలన్ని నీ తమ్ముడే.

చెయ్యికి అలవాటైన పని ఏందని పహిల్వాన్ అడిగితే గల్లోళ్ళందరు పాలు పిండుడు అన్నరు. వాళ్ళకు తెల్వకనా? గోడలు ఒకటే గద. అందరికి తెలుసు. తెలిసే పేడాలు పంచిండ్రు. ఆయన పడున్న నెలలల్ల నా ఇల్లు సల్లగుండె వదినె. ఉచ్చ ఎత్తిన, పీయి ఎత్తిన, వాతల పుండ్లు కడిగిన, పావురాలను సంపిన. అన్ని చేస్తా గూడ నాకు సుఖమే ఉండె. పుష్ప గట్టిగ నవ్వుడు నేర్చింది.

మొన్న ఏమైందో రాస్త. నేను అందుతలేనని ఆయనకు సమజైంది. ఎడమచేతిల బెల్లం ముక్క పట్టుకొని పుష్పను పిలిచిండు. బిడ్డా అన్నడు, ఆ మాట కొత్తగ నేర్చిండు. బెల్లానికి ఆశపడి పొయ్యింది పోరి. పక్కకు ఒరిగి కుడిచేత్తోని జుట్టు పట్టి మంచం పట్టెకు కొట్టిండు. నుదురు పగిలింది. నేను ఉరికొచ్చి ఆ వేళ్ళు ఒక్కొక్కటి ఇప్పిన. దినాం నూనె పెట్టి మెత్తగ చేసిన వేళ్ళే, నాకు ఇప్పరాలే. ఆఖరికి కొరికిన. ఆయన నెత్తురు నా నోట్లకు వచ్చింది.

నాకు పుట్టిల్లు లేదని తెలుసు నీకు. ఈడ ఉంటే ఆ చెయ్యి మంచిగైతది. మంచిగైతే నా పోరి బతకది. యాడికి పోవాల్నో నువ్వే చెప్పు.

నీలమ్మ


సోలాపూర్
శివరాత్రి దాటినంక

నీలమ్మకు,

నీ మాటలు సగం నమ్మిన, సగం నమ్మలే. పసిపిల్ల నుదురు పగలగొట్టేటోడు గాదు నా తమ్ముడు. నీకు చాతగాకనే చేజారిండు.

మిల్లుల పని ఇడిసిపెట్టిన. నేను వస్తున్న. నువ్వు పోరిని తీస్కొని ఈడికి రా. నాంపల్లిల రైలెక్కు, వాడి అనేటి టేషన్ కాడ దిగి వేరే రైలు మారాలె. ఇంటి తాళంచెవి పక్కింటి నాగమణమ్మ కాడ ఉంది, బియ్యం పప్పు ఇంట్లనే ఉన్నయ్. వాన్ని నేను చూసుకుంట. నా మీద వాడు చెయ్యి లేపడు. నేను పెంచిన పోరడు.

మాణిక్యమ్మ


సైదాబాద్
ఉగాది పోయినంక, 1939

నీలా,

చేరిన జాబు అందింది. ఈడ సంగతి రాస్త, ఇను.

నన్ను చూసి బోరుమని ఏడ్చిండు. అక్కా అక్కా అని నా ఒళ్ళె తల పెట్టిండు. మంచాన్ని గోడకాడికెల్లి ఇవతలికి జరిపిన. నేనే తినిపిస్తున్న, నేనే కడుగుతున్న. నా ముంగట వాడు పిల్లి. నీ లెక్క గుస్సా తెప్పిస్తలేను, నేను పని చెప్తున్న. పహిల్వాన్ కిటికీ సువ్వకు జనుపతాడు కట్టి గుంజుమన్నడు. దినాం గుంజుతుండు. కట్టె పట్టుకొని నడుస్తుండు గూడ, కొట్టం దాంక పోయొస్తుండు. నిన్న ఆ చేత్తోని బర్రెను పిండిండు, సగం చెంబు నిండింది! చూసినవా? ప్రేమతోని చేస్తే గిట్లుంటది. నీకు చాతగాలే గని మనిషి బంగారం.

మొన్న కూరల ఉప్పు ఎక్కువైందని చెంబు ఇసిరిండు. తాకలే. అలవాటు పోవాలంటే జర టైం పడతది.

మాణిక్యమ్మ


సోలాపూర్
చైత్రం

వదినెకు శనార్తులు.

చెంబు యాడ తాకలే వదినె? నుదుటికా, భుజానికా, పక్కబొక్కలకా? నేను గూడ ఏండ్లకేండ్లు నీకు తాకలే తాకలే అనే రాసిన. నీ జాబు చదివి నా చేతి రాతే అనుకున్న ఒక గడియ.

ఈడ నీ ఇంట్ల మంచిగున్నం. నాగమణమ్మ బీడీలు చుట్టుడు నేర్పిచ్చింది. నాకు మంచిగ చుట్టొస్తుంది, పావురాల మెడలు తిప్పిన వేళ్ళు గద. పుష్ప నుదురు మానింది, మచ్చ ఉంది. నవ్వుతుంది గని ఎవరన్న బెల్లం ఇస్తే తీస్కోదు. నీ మంచం మీద పండుకోనీకి నాకు సిగ్గైతుంది, కింద పండుకుంటున్న.

నీ మీద కోపం ఉండె, మస్తు ఉండె. దగ్గర కూసో అన్నవ్ గద, ఆ కోపం. ఇప్పుడు నువ్వే దగ్గర కూసున్నవ్. భయమైతుంది నాకు. వచ్చేయి వదినె. బర్రెలను ఎవరికన్న ఇచ్చి వచ్చేయి. ఆయనను పెట్టుకొని రాకు.

నీలమ్మ


సైదాబాద్
ఎండలు ముదిరినంక

నీలా,

తలుపేసుకొని చదువు ఇది.

చెంబు దవడకు తాకింది. ముందు రాయలే. దాని తర్వాత చెంప మీద కొట్టిండు, దాని తర్వాత జుట్టు పట్టిండు. నా ఎంట్రుకలు నెరిసినయ్, ఆ ఎంట్రుకలే పట్టిండు. లలితమ్మ గోడ అవతల నిలవడి మనిషి మంచిగైండు, మంచిగైండు అన్నది. మా నాయిన మా అవ్వను కొట్టినప్పుడు గూడ గిట్లనే గల్లీ ఉండె, నాకు గుర్తుంది. చిన్నదాన్ని, చెవులు మూసుకునేదాన్ని. పెద్దగైనంక అది నాయిన చెయ్యి, గట్టి చెయ్యి అని గొప్ప చెప్పుకునుడు నేర్చిన. ఎట్ల నేర్చిన్నో తెల్వదు.

అది గూడ ఓర్సుకుంటుంటి. నేను పెంచిన, నా కర్మ అనుకుంటుంటి. గని మొన్న వాడు తాడు గుంజుతుంటే చూసిన. జనుపతాడును మూడు పాయలు చేసి అల్లుకున్నడు, ఎడమచేతుల ఒక కొస, నోట్ల ఒక కొస పట్టి. ఇదేంది గుండా అన్న. నీలమ్మ జడ అన్నడు. కుడిచేతికి రెండు చుట్లు సుట్టుకొని గుంజిండు, కిటికీ సువ్వ ఊగింది. నవ్విండు. మాట ఇప్పుడు మంచిగొస్తుంది. నా మందు సోలాపూర్‌ల ఉన్నది అక్కా, తెచ్చుకోవాలె, చిన్నమందు గూడ తెచ్చుకోవాలె అన్నడు. చిన్నమందు అంటే పుష్ప. రైలు ఎప్పుడున్నదో మనిషిని పంపి అడిగి తెప్పిచ్చుకున్నడు. ఎల్లుండికి తయారైండు. కొత్త ధోతి తీసి పెట్టుమన్నడు నన్ను.

తీసిపెట్టిన. నిన్న పగటీలి కడుపునిండ పెట్టిన. పావురం సారు చేసిన, అన్నంల కలిపి తినిపిచ్చిన. తిని కొట్టం చాయల పండుకున్నడు. కుడిచెయ్యి మంచం పట్టె మీద సాపి ఉండె. మంచిగ కండ పట్టింది, నూనెకు మెరుస్తుండె. జర సేపు దాని పక్కపొంటి కూసున్న. వాడు నడక నేర్చినప్పుడు ఆ చెయ్యే పట్టుకున్న నేను.

రోకలి తెచ్చి కొట్టిన. మొదటి దెబ్బ మణికట్టు మీద పడ్డది. ఎముక ఇరిగిన సప్పుడు మక్కసొప్ప ఇరిచినట్టు వచ్చింది. లేచి కూసొని నా దిక్కు చూసిండు, నోరు తెరిచి అక్కా అన్నడు. చిన్నప్పుడు కింద పడితే గట్లనే అనేటోడు. రెండోది మోచెయ్యి కింద ఏసిన. మూడోది గూడ ఏసిన. ఎముక తోలు చీల్చుకొని బయటికొచ్చింది. నా చీర నిండ నెత్తురు, బర్రెలు ఒకటే అరుపు.

గల్లీ ఉరికొచ్చింది. బర్రె తొక్కిందన్న. అందరు అయ్యో అయ్యో అన్నరు. వాడు నా దిక్కు చూసుకుంట పండుకున్నడు గని ఒక్క మాట అనలే. ఆడదాని చేతుల చెయ్యి ఇరిగిందని గల్లీకి చెప్పుకునే మొగోడు గాదు. ఆ సంగతి ఎరికయ్యే చేసిన.

నాకు మంచిగ లేదు నీలా. చేతులు కడుగుతనే ఉన్న. వాడు ఏడుస్తుండు, నేను ఏడుస్తున్న, మళ్ళ నేనే తినిపిస్తున్న. ఎడమచేత్తోని తినుడు నేర్చుకోడు, నోరు తెరుస్తడు. ఇంకెన్ని ఏండ్లు తెరుస్తడో అన్ని ఏండ్లు పెడత. నువ్వు రాకు. నా మంచం మీద పండుకో, కింద ఎందుకు పండుకుంటవ్. పోరిని బడికి తోలు. ఆ ఇల్లు ఇగ నీదే.

చాంద్ పహిల్వాన్ ఇయ్యాల పొద్దుగాల వచ్చిండు. ఎముకలు కట్టేటోనికి బర్రె గిట్ట తొక్కుడుకు రోకలి దెబ్బకు ఫరకు తెల్వదా? గుడ్డ తీసి చూసిండు, వేలుతోని తడిమిండు. మూలకున్న రోకలి దిక్కు చూసిండు, నా మొకం చూసిండు. గిట్లనే ఇడిసిపెడితే అడ్డదిడ్డం అతుకుతది, ఇగ ఏ పనికి రాదు అన్నడు. సంచిలకెల్లి వెదురుబద్దలు, గుడ్డ పీలికలు తీసి మంచం మీద పెట్టుకొని, కట్టు కట్టాల్నా అమ్మా అని అడిగిండు.

వద్దన్న.

మాణిక్యమ్మ